జవాబు ఏ భాషలో వస్తుంది?

ఒకప్పుడు సోవియట్ యూనియన్‌లో ఉన్న చిన్న దేశం లాట్వియా. దాని రాజ్యాంగం నాలుగో అధికరణంలో 1922లో జెండా రంగుల సంగతే ఉండేది. 1998లో దాని పక్కనే 'రాజ్య భాష లాట్వియన్' అని చేర్చారు. జెండా సరసన భాషను కూర్చోబెట్టడం నాకు భలే నచ్చింది. దీన్ని మెజారిటీ అహంకారం అనేవాళ్లు ఒక లెక్క మర్చిపోతారు. సోవియట్ పాలన చివర్లో, 1989 జనాభా లెక్కల నాటికి, లాట్వియన్లు సొంత గడ్డ మీద 52 శాతమే. వాళ్లలో ఎక్కువమందికి రష్యన్ వచ్చు. అక్కడి రష్యన్లలో ఎక్కువమందికి లాట్వియన్ రాదు. రాకపోయినా వాళ్లకు రోజు గడిచిపోయేది. భాషకు అసలు గండం అదే. ఎవరూ నిషేధించక్కర్లేదు, దానితో పని పడకపోతే చాలు.

రష్యన్‌నూ రెండో రాజ్య భాష చేయాలని 2012లో రెఫరెండం పెడితే, ఓటేసిన ప్రతి నలుగురిలో ముగ్గురు వద్దన్నారు. ఎక్కువగా రష్యన్ మాట్లాడే, పౌరసత్వం లేని లక్షలమందికి అసలు ఓటే లేదు కదా అంటారు. నిజమే, అది న్యాయమైన ఫిర్యాదే. కానీ అది పౌరసత్వ చట్టంతో తేల్చుకోవాల్సిన పేచీ. రష్యన్‌కు పక్కనే 14 కోట్ల జనాభా ఉన్న దేశం అండగా ఉంది. ఇరవై లక్షలమంది కూడా లేని లాట్వియాను వదిలితే లాట్వియన్‌కు ఇంకో ఇల్లు లేదు.

అయితే నన్ను నిజంగా కట్టిపడేసింది నాలుగో అధికరణం కాదు, 104వది. ప్రభుత్వ ఆఫీసుకు అర్జీ పెట్టుకున్న ఎవరికైనా లాట్వియన్‌లో జవాబు పొందే హక్కు ఉందని 2002లో అందులో రాసుకున్నారు. హోదా ఇచ్చి ఊరుకోకుండా గుమాస్తా కలం దాకా తీసుకెళ్లారు.

మన రాజ్యాంగం 350వ అధికరణం చూడండి. రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అర్జీ పెట్టుకోవచ్చు. జవాబు ఏ భాషలో రావాలో మాత్రం అందులో లేదు! 2011 లెక్కల ప్రకారం దేశంలో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు 8 కోట్ల పైచిలుకు. తెలుగును అధికార భాష చేస్తూ 1966లోనే చట్టం వచ్చింది. అయినా తెలుగులో అర్జీ ఇచ్చిన రైతు, ఇంగ్లిష్‌లో వచ్చిన కాగితం పట్టుకుని అందులో ఏముందో చెప్పమని ఊళ్లో చదువుకున్న కుర్రాడి కోసం వెతుక్కోవాల్సి వస్తోంది. భాషా దినోత్సవాలకు శాలువాలు కొనే డబ్బుతో ఆ ఒక్క వాక్యం రాయించలేమా? 'జవాబు కూడా తెలుగులోనే ఇవ్వాలి' అని.