సవరణ: పైథాన్ కూడా కంపైల్ అవుతుంది

"పైథాన్‌లో కంపైలింగ్ అనేదే లేదు, కోడ్‌ని ఒక్కో లైనూ చదువుకుంటూ నడిపేస్తుంది" అని ఈ ప్రోగ్రామింగ్ భాష గురించి కిందటి పోస్టులో రాశాను (కంపైలింగ్ అంటే కోడ్‌ని నడిపే ముందే మరో రూపంలోకి మార్చడం). అది తప్పు. పైథాన్ అధికారిక డాక్యుమెంటేషన్ ప్రకారం, పైథాన్ కోడ్‌ని నడపడానికి మనలో ఎక్కువమంది వాడే సీపైథాన్ అనే ప్రోగ్రామ్ ముందు ఫైల్ మొత్తాన్నీ బైట్‌కోడ్‌గా, అంటే తను నడపగలిగే చిన్న చిన్న ఆదేశాలుగా, కంపైల్ చేస్తుంది. ఆ బైట్‌కోడ్‌ని సీపైథాన్‌లోనే ఉండే వర్చువల్ మెషిన్ ఇంటర్‌ప్రెట్ చేస్తుంది, అంటే ఒక్కో ఆదేశాన్నీ చదివి నడుపుతుంది. అందుకే చివరి లైన్లో బ్రాకెట్ మూయడం మర్చిపోతే మొదటి లైన్లో ఉన్న ప్రింట్ ఆదేశం కూడా పనిచేయదు. నేను రాసిందే నిజమైతే అది పనిచేసి తీరాలి!

ఇంపోర్ట్ చేసిన మాడ్యూళ్ల (మన కోడ్‌లోకి తెచ్చుకునే వేరే కోడ్ ఫైళ్ల) బైట్‌కోడ్‌ని డిస్క్‌లో దాచుకుంటుంది కాబట్టి మళ్లీ లోడ్ చేసినప్పుడు టైమ్ కలిసొస్తుంది, నడిచే వేగం మాత్రం పెరగదు. లెక్కలు ఎక్కువున్న లూపుల్లో (మళ్లీ మళ్లీ నడిచే కోడ్‌లో) వేగంలో పైథాన్ కంటే సీ భాష చాలా ముందుంటుందని అన్న మాటలో మార్పు లేదు. సీ కోడ్ నేరుగా ప్రాసెసర్‌కి అర్థమయ్యే మెషిన్ కోడ్‌గా మారుతుంది మరి.