దేవుణ్ణి చేయడానికి సాక్షి కావలెను

రోమన్లను ఆడిపోసుకోవడం లోకానికి అలవాటైపోయింది. చక్రవర్తుల్ని దేవుళ్లను చేసేశారట! చేశారు, నిజమే. కానీ ఎడాపెడా చేయలేదు. సెనేట్ తీర్మానం ఉండాలి, పూజారుల నియామకం జరగాలి, అన్నిటికీ మించి అభ్యర్థి ముందుగా చచ్చిపోయి ఉండాలి. ఆ చివరి నిబంధన ఎంత ముందుచూపుతో పెట్టారో గమనించగలరు.

క్రీ.శ. 14లో తొలి చక్రవర్తి అగస్టస్ పోయాడు. తన పేరు పెట్టుకున్న నెలలోనే పోయాడు, అదీ క్రమశిక్షణ. చితి కాలాక, ఆయన స్వర్గానికి లేచి వెళ్లడం కళ్లారా చూశానని న్యూమెరియస్ అట్టికస్ అనే సెనేటర్ ప్రమాణం చేశాడు. లివియమ్మగారు భర్త పోయిన దుఃఖంలో కూడా లెక్క మరిచిపోలేదు, ఆ సెనేటర్‌కు 10 లక్షల సెస్టర్సులు (రోమన్ నాణేలు) ముట్టజెప్పింది. అప్పట్లో సిపాయి ఏడాది జీతం 900. అంటే సరిహద్దులో ఈటెలకు ఎదురొడ్డేవాడు 1,100 ఏళ్లకు పైగా కొలువు చేస్తే వచ్చే సొమ్ము, ఒక్కసారి తలెత్తి ఆకాశంలోకి చూసినందుకు వచ్చింది. కంటిచూపు బాగుండాలని పెద్దలు ఊరికే అన్నారా?

24 ఏళ్లు గడిచాయి. 38లో అప్పటి చక్రవర్తి కలిగులా చెల్లెలు ద్రుసిల్లా పోయింది. ఈసారి చూసింది లివియస్ జెమినియస్, ఆయనా సెనేటరే. అబద్ధమైతే నేనూ నా పిల్లలూ నాశనమైపోవాలని ఒట్టు కూడా పెట్టుకున్నాడు. ముట్టింది ఎంత? మళ్లీ 10 లక్షలే! ధరల అదుపంటే అదీ. అయినా పిల్లల్ని సైతం పణంగా పెట్టినవాడికి పైన ఇంకో పదివేలు వేసి ఉండాల్సింది.

పద్ధతి చెడగొట్టింది ఈ కలిగులాయే. చచ్చేదాకా ఆగలేకపోయాడు. తనకు తానే గుడి ఏర్పాటు చేసుకుని, నిలువెత్తు బంగారు విగ్రహం నిలబెట్టి, పొద్దున తాను ఏ బట్టలు కట్టుకుంటే విగ్రహానికీ అవే కట్టించేవాడు. బలికి నెమళ్లు, ఫ్లెమింగోలు. ఆ గుడి పూజారి పదవుల కోసం రోమ్‌లోని డబ్బున్న మారాజులంతా ఎగబడి కొనుక్కున్నారు. సొంత బాబాయి క్లాడియస్ మెడ మీద కూడా ఒకటి పెట్టారు. 80 లక్షలు కట్టమనేసరికి ఆయన ఆస్తి వేలం ప్రకటన దాకా వచ్చింది. 41 జనవరిలో కాపలా దళం అధికారులే దేవుణ్ణి పొడిచి చంపారు. బాబాయి గద్దెనెక్కాడు. 54లో పోయాక ఆయన కూడా దేవుడయ్యాడు, పుట్టగొడుగుల విందు సాయంతో అని చెప్పుకునేవారు. అబ్బాయి గుడిలో పెట్టిన పెట్టుబడి ఎటూ పోలేదన్నమాట.

చచ్చేదాకా ఆగడమన్నది రోమ్‌లోని పద్ధతి, దూరపు రాష్ట్రాల్లో బతికున్నవాడికీ గుడి కట్టేవారు. అగస్టస్ తర్వాత గద్దెనెక్కిన టైబీరియస్‌కి గుడి కట్టే భాగ్యం మాకంటే మాకని 26లో ఆసియా రాష్ట్రంలోని (ఇప్పటి పశ్చిమ టర్కీ) 11 నగరాలు సెనేట్ ముందు వాదించుకున్నాయి. 1,200 ఏళ్లుగా మా ఊళ్లో భూకంపమన్నది లేదు, పునాది నేరుగా బండ మీదే పడుతుంది అని హాలికర్నాసస్ వాళ్లు చెప్పుకున్నారు. భక్తి సంగతి సరే, స్థలం చూపించడంలో వాళ్లను మించినవాళ్లు లేరు. అయినా గుడి స్మిర్నాకు పోయింది.

ఆ టైబీరియస్ కాలంలోనే అగస్టస్ బొమ్మ ఉన్న నాణేన్ని మరుగుదొడ్డికి పట్టుకెళ్తే ప్రాణం మీదికి వచ్చే నేరం. నడుముకు డబ్బు సంచీ కట్టుకున్న రోమన్ పౌరుడు పొద్దున్నే ఎంత అవస్థ పడి ఉంటాడో!

ఆ దేవుళ్ల నాణేలు మిరియాల వర్తకుల చేతుల మీదుగా దక్షిణ భారతానికి వచ్చాయి. తెలంగాణ నేలలోనూ దొరికాయి. టైబీరియస్ వెండి నాణెం మీద 'దివ్య అగస్టస్ కుమారుడు' అని స్పష్టంగా ఉంటుంది. తమిళనాడులోని పుదుక్కోట్టైలో దొరికిన 501 బంగారు నాణేల్లో చాలావాటికైతే చక్రవర్తి ముఖానికి అడ్డంగా ఉలి గాటు ఉంది. ఎందుకు కొట్టారన్నది చరిత్రకారులు ఇంకా వాదించుకుంటున్నారు. ఉలి పట్టుకున్నవాడు మాత్రం ముందు చెంపలేసుకుని తర్వాత కొట్టినట్టు నాకు కనిపించడం లేదు. గాటు చాలా తిన్నగా పడింది.