2520 వింత సంఖ్య కాదు, రామానుజన్ కనిపెట్టిందీ కాదు

డిసెంబర్ 22, గణిత దినోత్సవం దగ్గర పడితే చాలు, మా విజయనగరం జిల్లా టీచర్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతుంది. 1 నుంచి 10 దాకా అన్నిటితోనూ శేషం లేకుండా భాగించబడే సంఖ్య 2520 ఒక్కటేనట. దాన్ని కనిపెట్టింది శ్రీనివాస రామానుజన్ అట. రహస్యం: వారానికి 7 రోజులు, నెలకు 30 రోజులు, ఏడాదికి 12 నెలలు గుణిస్తే 2520. పిల్లల చేత దీన్ని స్టేజీ ఎక్కించి మరీ చదివిస్తున్నారు. అందుకే ఇది రాయాల్సి వచ్చింది.

"ఒక్కటే" అన్న మాట ముందు చూద్దాం. 2520 పలాస జీడిపప్పులు ఉంటే పదిమంది లోపు ఎంతమందికైనా మిగలకుండా సమానంగా పంచొచ్చు, నిజమే. ఇంకో 2520 తెచ్చి కలపండి. 5040 కూడా అలాగే పంచొచ్చు. తర్వాత 7560, 10080, ఇక అంతు లేదు. వీటిలో అన్నిటికన్నా చిన్నది 2520. అంటే 1 నుంచి 10 దాకా సంఖ్యల క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం), ఆరో తరగతి లెక్క. 8, 9, 5, 7 గుణిస్తే వచ్చేస్తుంది. 1 నుంచి 20 దాకా కావాలంటే 23,27,92,560.

7×30×12 లెక్క తప్పేం కాదు. కానీ 30లో 2, 3, 5 ఉన్నాయి. 12లో రెండు 2లు, ఒక 3. వీటికి 7 చేరితే మళ్లీ అదే 8×9×5×7. క్యాలెండర్‌కు ఇందులో పనిలేదు. నెలకు 31 రోజులు వేసి చూడండి, 2604 వస్తుంది, అది 5తోనే పోదు.

నాకు బాగా బాధ కలిగించేది మాత్రం రామానుజన్ పేరు వాడుకోవడం. క.సా.గు. ప్రాచీన గ్రీకు గణితజ్ఞుడు యూక్లిడ్ కాలం నుంచీ ఉంది. మన దేశంలో 9వ శతాబ్దంలోనే మహావీరాచార్యుడు చెప్పాడు, ఆయన గణితాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. రామానుజన్ చేసింది దీనికన్నా ఎంతో పెద్ద పని. తనకన్నా చిన్న సంఖ్యల్లో దేనికీ లేనన్ని కారణాంకాలు (శేషం లేకుండా భాగించే సంఖ్యలు) ఉండే సంఖ్యల మీద 1915లో లండన్ మ్యాథమెటికల్ సొసైటీ పత్రికలో సుదీర్ఘ వ్యాసం రాశారు. 2520 అలాంటిదే. దానికి 48 కారణాంకాలు, అంతకన్నా చిన్న సంఖ్య దేనికీ 40 దాటవు.

ఆయన పట్టిక అక్కడ ఆగలేదు. 6,74,632 కోట్ల 83 లక్షల 88 వేల 800 దాకా వెళ్లింది. ఈ చివరి సంఖ్యకు 10,080 కారణాంకాలు. కంప్యూటర్ లేని రోజుల్లో చేతిరాత మీద! అంత పట్టికలో ఒకే ఒక్కటి తప్పిపోయింది: 29,331 కోట్ల 86 లక్షల 25 వేల 600. దాన్ని 23తో గుణిస్తే ఆ చివరి సంఖ్యే వస్తుంది. హైస్కూలు పిల్లలు కాగితం మీదే గుణించి సరిచూసుకోవచ్చు.