టెంపరేచర్ గన్ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ టెంపరేచర్ గన్ గారికి,

ఉభయ కుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను గానీ, మీ కుశలం నాకు తెలుసు. మొన్న పార్సిల్ కోసం కిందికి దిగితే, మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ టేబుల్ సొరుగులో పాత కరెంటు బిల్లుల కింద పడుకుని కనిపించారు. బ్యాటరీలు కారి తెల్లగా పొంగి ఉన్నాయి. కోవిడ్ రోజుల్లో ఈ హైదరాబాద్‌లో మీరు ఊ అంటే తప్ప కిరాణా కొట్టులోకి కూడా అడుగు పెట్టనిచ్చేవాళ్లు కాదు. కోటి మంది మీకు తలవంచారు. నేనైతే తలవంచితే చాలు, మెడ నుంచి వెన్ను కిందికి కరెంటు షాక్ కొట్టినట్టు జర్రుమంటుంది. అయినా వంచాను.

నేనెవరో మీకు గుర్తుండదు. నాకు ఎమ్మెస్. కంగారు పడకండి, అమెరికాలో చేసే ఎమ్మెస్ కాదు. మన ఊళ్లో ఆ రెండక్షరాలు చెబితే "ఏ యూనివర్సిటీ అమ్మా?" అనేవాళ్లే ఎక్కువ. మా పిన్నత్తగారైతే ఇప్పటికీ "మంచిదేగా, వీసా వచ్చిందా?" అంటుంది. నాది మల్టిపుల్ స్క్లిరోసిస్. ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే మెదడులో, వెన్నుపాములో నరాల మీద ఉండే మైలిన్ తొడుగును కొరుక్కు తింటుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో ఉన్న 21 వైకల్యాల్లో ఇదీ ఒకటి. చట్టానికి కనిపించింది గానీ చుట్టాలకు కనిపించదు. "బాగానే ఉన్నావుగా" అంటారు. మీరూ ఆ మాటే అనేవారు, కాకపోతే అంకెల్లో.

మీకూ నాకూ అసలు పేచీ వేడి దగ్గర. తొడుగు ఊడిన నరం ఎండాకాలంలో మా కాలనీ ట్రాన్స్‌ఫార్మర్ లాంటిది. చల్లగా ఉన్నంతసేపూ ఎలాగో నెట్టుకొస్తుంది. ఒళ్లు అర డిగ్రీ వేడెక్కిందా, ఫేజ్ పోతుంది. చూపు మసకబారుతుంది, కాలు ఈడ్చుకుపోతుంది, నాలుక మడతపడుతుంది. చల్లబడితే మళ్లీ వచ్చేస్తాయి. ఒంటికి శ్రమ పెడితే చూపు మసకబారి మళ్లీ వస్తుందని 1890లోనే విల్‌హెల్మ్ ఉట్‌హాఫ్ అనే జర్మన్ కంటి డాక్టరు రాసిపెట్టాడు. దాని వెనక ఉన్నది వేడి అని తర్వాత తేలింది. ఎంఆర్ఐలు లేని రోజుల్లో అనుమానం ఉన్నవాళ్లను వేడినీళ్ల తొట్టిలో కూర్చోబెట్టి, నీరసపడితే ఈ జబ్బే అనేవారట. హైదరాబాద్‌లో తొట్టి దండగ. మే నెలలో మధ్యాహ్నం ఉప్పల్ రింగ్ రోడ్డు మీద నిలబెడితే చాలు.

సరే, 2020 ఏప్రిల్‌కి వద్దాం. ఆరు నెలలకోసారి నాకు రిటుక్సిమాబ్ అనే మందు ఎక్కించాలి. పొద్దున వెళ్తే సాయంత్రం దాకా డేకేర్ కుర్చీలో డ్రిప్. తేదీ దగ్గర పడేసరికి ఆసుపత్రి నుంచి ఫోన్: "మేడమ్, ఎలెక్టివ్ ప్రొసీజర్లన్నీ వాయిదా." ఎలెక్టివ్ అంటే ఏమిటని అడిగాను. అర్జెంటు కానివి, పేషెంటు వీలు చూసుకుని చేయించుకునేవి అంది ఆ అమ్మాయి. వీలు చూసుకుని జబ్బు తెచ్చుకున్నవాళ్లలో నేనూ ఒకతిని అని ఆ రోజే తెలిసింది. మా డాక్టరుగారిని మాత్రం తప్పు పట్టను. ఆ మందు ఒంటి రక్షణ వ్యవస్థలోని బి కణాలను తుడిచేస్తుంది, ఊరినిండా కొత్త వైరస్ తిరుగుతుంటే ఎక్కించాలా ఆపాలా అని ఆయనే తల పట్టుకున్నాడు. వీడియోలో పరీక్ష చేశాడు పాపం. ఫోన్‌ను కుక్కర్‌కి ఆనించి నిలబెట్టాం. మోకాలి మీద కొట్టే సుత్తికి బదులు మావారు అప్పడాల కర్ర అందుకున్నారు. పెళ్లయిన పద్నాలుగేళ్లకు ఆ కర్ర మా ఇంట్లో చేతులు మారడం అదే మొదలు. అరికాలి మీద స్కూటర్ తాళంతో గీస్తే బొటనవేలు పైకి లేచింది. "లేవకూడదమ్మా అది" అన్నాడు డాక్టరుగారు. అంతలో నెట్ పోయింది.

ఆగలేక ఒకసారి ఆసుపత్రికి బయల్దేరాం. అప్పుడు ఇంటి నుంచి 3 కిలోమీటర్లు దాటకూడదని పోలీసుల ఆంక్ష. టూవీలర్ మీద ఒక్కరే వెళ్లాలి, నేనేమో బండి నడపలేను. పక్కింటివాళ్ల కారు అడుక్కుని వెళ్తే బారికేడ్ దగ్గర ఆపారు. కాగితాలు చూపిద్దామని దిగాను. ఎండకి కాళ్లు తడబడి బ్యారికేడ్‌ను పట్టుకున్నాను. మాట ముద్దగా వచ్చింది. కానిస్టేబుల్ అన్న నన్నూ మావారినీ మార్చి మార్చి చూసి, "షాపులన్నీ బంద్ ఉన్నయ్ గద మేడమ్, మీకెక్కడ దొరికింది?" అన్నాడు. ఆ గొంతులో కోపం కంటే ఆశే ఎక్కువ వినిపించింది నాకు.

"ఎమర్జెన్సీయా?" అని అడిగాడు తర్వాత. చిక్కంతా అక్కడే ఉంది, గన్ గారూ. ఎమర్జెన్సీ రాకుండా ఉండడానికే ఆ మందు. ఇవాళ వేసుకుంటే రేపు ఏమీ జరగదు. జరగనిదాన్ని బారికేడ్ దగ్గర ఎలా చూపించాలి? ఫైలు తిరగేసి పాపం వదిలేశాడు. తీరా గేటు దాకా వెళ్తే డేకేర్‌కి తాళం.

మే 6న వైన్ షాపులు తెరిచారు. సుద్దముక్కతో గీసిన వలయాల్లో జనం ఎంత నిటారుగా నిలబడ్డారో! అంత నిటారుగా నిలబడి నాకు ఎన్నేళ్లయిందో. డేకేర్ మాత్రం ఇంకా తెరవలేదు. ఆ నెలాఖరుకి పిలుపొచ్చింది. అప్పుడు కలిశాం మనం.

ఆసుపత్రి గేటు బయట టెంటు కూడా లేని క్యూ. 40 డిగ్రీలు దాటిన ఎండ, మాస్కు మీద మాస్కు. ముప్పావుగంట నిలబడ్డాను. నా వంతు వచ్చేసరికి ఎదురుగా ఇద్దరు సెక్యూరిటీవాళ్లు, రెండు గన్‌లు. నిజానికి ఒక్కరే, నా కళ్లు రెండు చేసి చూపించాయి. మీరు నుదుటికి గురిపెట్టి 100.8 అన్నారు.

"జరమున్నది మేడమ్. లోపలికి రావద్దు. గాంధీ దవాఖానకు పోయి చూపించుకోండి."

జ్వరం కాదన్నా, ఎండన్నా. మిషన్ అబద్ధం చెప్పదు మేడమ్ అన్నాడు. మీరు కొలిచేది చర్మం మీది వేడి. ఆ వేడి నాదా సూర్యుడిదా అన్నది మీకు అనవసరం. మావారు నన్ను కారులో కూర్చోబెట్టి, ఏసీ పెట్టి, ఫ్లాస్కులోని ఐసుముక్కలు తువ్వాలులో చుట్టి తలకూ మెడకూ అద్దారు. ఎండలో మా వైద్యం అదే. ఇరవై నిమిషాలకు ఇద్దరు సెక్యూరిటీవాళ్లూ ఒక్కరయ్యారు. మళ్లీ క్యూలోకెళ్తే, ఈసారి మీ తెర మీద "లో" అని పడింది. అంకె కూడా లేదు. మీ లెక్కలో నేను బతికున్నదాన్ని కాదు.

"ఓకే మేడమ్, పొండి" అన్నాడు.

ఒళ్లు కాలితే బయటికి, శవమంత చల్లగా ఉంటే లోపలికి! అంతటితో మీ మీద భయం పోయింది నాకు. తర్వాత సూపర్‌మార్కెట్టుకైనా బ్యాంకుకైనా నుదుటికి ఐసు రాసుకునే వెళ్లేదాన్ని. నా ముందు ఒకాయన దగ్గుతూనే డోలో వేసుకొచ్చానని ఫోన్‌లో ఎవరికో చెబుతున్నాడు. ఆయనకు మీరు 97 ఇచ్చారు. కొన్నాళ్లకు జనం నుదురు మానేసి మణికట్టు చాపడం మొదలుపెట్టారు, గాజులు తొడిగించుకునేవాళ్లలా.

ఇంతా చేస్తే ఆ రోజు డ్రిప్ ఎక్కలేదు. కోవిడ్ పరీక్ష చేయించుకుని రమ్మన్నారు. మళ్లీ తేదీ దొరికేలోపే, జూన్‌లో ఒక ఉదయం, కాఫీ కప్పులో సగం కనిపించలేదు. కుడికన్ను. కదిలిస్తే నొప్పి. ఎర్రరంగు ఉతికి ఉతికి వెలిసిన పంచెలా ఉంది. చల్లబడితే తగ్గే రకం కాదిది, రిలాప్స్, అంటే జబ్బు తిరగబెట్టడం. రోజుకో గ్రాము స్టెరాయిడ్, ఐదు రోజులు, ఇంట్లో కర్టెన్ రాడ్డుకి సెలైన్ వేలాడదీసి. నోరంతా ఇనుము నాకినట్టు, రాత్రంతా నిద్ర లేదు. తెల్లవారుజామున మూడింటికి వంటింట్లో డబ్బాలన్నీ కడిగి ఆరబెట్టాను. అదే నెలలో కోవిడ్‌కి కూడా స్టెరాయిడ్ పనిచేస్తోందని టీవీలో గొప్పగా చెప్పారు. ఒక్కసారిగా మా ఇంట్లో నేనే సీనియర్‌ని.

నర్సు రోజూ వచ్చేది. వచ్చేముందు మా వాచ్‌మన్ ఆమెకీ, నాకు రోజూ పెరుగు తెచ్చే కుర్రాడికీ మిమ్మల్ని గురిపెట్టేవాడు. ఒకరోజు నర్సుతో పాటే పైకొచ్చి నాకూ పెట్టాడు. కుడికన్ను ముప్పాతిక పోయి, గోడ పట్టుకుని నిలబడ్డాను. 97.6.

"నార్మల్ ఉన్నారు మేడమ్" అని సంతోషంగా చెప్పి, రిజిస్టర్‌లో రాసుకుని వెళ్లాడు.

ఇట్లు,
మీ రిజిస్టర్‌లో ఫ్లాట్ నంబర్ 304

తా.క.: కన్ను చాలావరకు వచ్చింది. ఎరుపు మాత్రం ఇప్పటికీ కాస్త వెలిసే ఉంది. మిమ్మల్ని సొరుగులోంచి తీసి మా వాచ్‌మన్ మనవడికి ఆడుకోవడానికి ఇచ్చారట. నిన్న మెట్ల దగ్గర నా నుదుటికి గురిపెట్టి, టిక్ అని నోటితోనే శబ్దం చేసి, "మీకు బాగా లేదు ఆంటీ" అన్నాడు.