భారతం నడిపే ఊరికి చెరువు కాలువ ఎందుకు బరువైంది?

చిత్తూరు, తిరుపతి పల్లెల్లో భారతం, అంటే మహాభారత ఉత్సవం పెట్టారంటే మామూలుగా 18 రోజుల పని. పగలు హరికథ, రాత్రి నాటకం, నడుమ అర్జునుడు తపస్సు మాను ఎక్కడం, చివరికి దుర్యోధన వధ, నిప్పుల గుండం. ఇంటికింత అని చందా వేయడం, నాటకం వాళ్లకు అడ్వాన్సు ఇవ్వడం, మైకు, పందిరి, అన్నదానం, ఇందులో తిరుగుడు పనంతా కుర్రాళ్లదే. అదే ఊళ్లో యువజన సంఘం బోర్డు తుప్పు పట్టి ఉంటుంది. మన పిల్లలకు కలిసి పనిచేయడం రాదనే పెద్దల మాట అందుకే చెల్లదు.

తేడా పని పద్ధతిలో ఉంది. భారతానికి తేదీ ఉంటుంది, ప్రతి పనికీ ఒక మనిషి ఉంటాడు, ముగిశాక లెక్క నలుగురి ముందూ చదవాలి. సంఘానికేమో ‘గ్రామాభివృద్ధి’ అనే ఆశయం తప్ప ఈ మూడింట్లో ఒక్కటీ ఉండదు. దాంతో అది ఆదివారం చీపుర్లు పట్టుకుని ఫొటో దిగడం దగ్గరే ఆగిపోతుంది.

ఎక్కువ సంఘాలు మొదట ఎత్తుకునే పనే చూడండి: చెరువు పూడికతీత. 300 మీటర్ల పొడవు, 200 మీటర్ల వెడల్పున అడుగు మందం, అంటే 0.3 మీటరు తీయాలన్నా 18,000 ఘనపు మీటర్ల మట్టి. ట్రాక్టరుకు 3 ఘనపు మీటర్లు పట్టిందనుకుంటే 6,000 ట్రిప్పులు. పార పట్టిన మనిషి రోజుకు 2 ఘనపు మీటర్లు తవ్వినా, 50 మంది ఒక ఆదివారం కష్టపడితే తేలేది 100. పని మొదలైనట్టే కనబడదు, మూడో వారానికి సగం మంది రారు. తప్పు పిల్లల ఓపికలో లేదు, ఎంచుకున్న పనిలో ఉంది.

చేతికి అందే పని సప్లై ఛానల్, అంటే వాగు నీళ్లను చెరువుకు తెచ్చే కాలువ. ఇక్కడి చెరువులు నిండేది ఎక్కువగా అక్టోబరు, డిసెంబరు నడుమ ఈశాన్య రుతుపవనాల వానతోనే కాబట్టి కాలువ సెప్టెంబరుకల్లా సిద్ధం కావాలి. ముందు పార వద్దు, టేపు పట్టాలి. వాగు దగ్గర నుంచి చెరువు దాకా 20 మీటర్లకొకచోట పై వెడల్పు, అడుగు వెడల్పు, లోతు రాసుకుంటే 1.2 కిలోమీటర్ల కాలువకు 60 చోట్ల కొలతలు వస్తాయి. ఇద్దరు కొలిచి ఒకరు రాస్తే రెండు రోజుల పని. వాలు తెలియడానికి మేస్త్రీలు వాడే లెవల్ పైపు చాలు. అయితే పైపులో గాలి బుడగ నిలిస్తే మట్టం తప్పుతుంది, నీళ్లు నింపాక రెండు కొసలూ ఒకచోట పక్కపక్కన పట్టి సరిచూసుకోవాలి. చెరువు నీళ్లు పొలాలకు వదిలే పాత నీరుగంటి ఎవరైనా ఉంటే వెంట తీసుకెళ్లాలి. ఏ వానకు నీళ్లు ఎక్కడ తప్పుకుపోతాయో టేపు చెప్పదు.

నడిచాక అడ్డంకులు నాలుగు రకాలని తేలుతుంది. కంప సంఘమే తీయగలదు, కానీ మోడు వదిలితే మరుసటి ఏడాదికి దుబ్బుగా లేస్తుంది, వేరుతో పెకలించాలి. 30 మంది నెలకు ₹100 వేస్తే ఏడాదికి ₹36,000. జేసీబీ గంటకు ₹1,200 అనుకుంటే 30 గంటల పని. పూడిక ఉపాధి పనుల్లో పెట్టించాలి. కూలిన కల్వర్టు పంచాయతీ ప్రణాళికలోకి వెళ్లాలి. ఆక్రమణ తహసీల్దారుది, అక్కడ సంఘం అర్జీ ఇచ్చి రసీదు తెచ్చుకోవడం తప్ప గట్టు తెంచకూడదు, తెంచితే ఊరు రెండుగా చీలుతుంది. కట్ట, తూము జోలికి అసలే పోకూడదు. 2021 నవంబరులో తిరుపతి దగ్గరి రాయలచెరువు కట్టకు లీకేజీ పడి దిగువ పల్లెలను ఖాళీ చేయించడం ఈ ప్రాంతం చూసింది.

పంచాయతీకిచ్చే అర్జీలో పనికి ఏ పేరు రాశామన్నదీ ముఖ్యమే. 15వ ఆర్థిక సంఘం 2021–26కు పంచాయతీలకిచ్చిన నిధుల్లో 60 శాతం తాగునీరు, వర్షపు నీటి నిల్వ, పారిశుద్ధ్యానికే ముడిపెట్టింది. ‘చెరువు సుందరీకరణ’ అని రాస్తే పక్కన పడేసే కాగితాన్ని ‘వర్షపు నీటి నిల్వ’ అని కొలతలతో రాస్తే చదువుతారు. అక్టోబరు 2 నుంచి ప్రణాళిక గ్రామసభలు మొదలవుతాయి, 60 చోట్ల కొలతల పుస్తకం ఆ సభకు వెళ్లాలి.

చెరువు కింద రైతుల నీటి సంఘం ఉంది కదా అనొచ్చు. 1997 చట్టం ప్రకారం అందులో ఓటు భూమి ఉన్నవారికి, రికార్డుకెక్కిన కౌలుదారుకు. పొలం ఇంకా నాన్న పేరునే ఉన్న పాతికేళ్ల కుర్రాడికి అక్కడ ఓటు లేదు. యువతకు వేరే సంఘం కావాల్సింది అందుకే.

2001 సొసైటీల చట్టం కింద రిజిస్ట్రేషన్‌కు ఏడుగురు చాలు. కష్టం తర్వాత వస్తుంది. అధ్యక్షుడు శ్రీసిటీ ఫ్యాక్టరీల్లో షిఫ్టుకో, బెంగళూరుకో వెళ్తాడు, చెక్కుపై అతని సంతకమే కావాలి, మార్చాలంటే తీర్మానం కావాలి, తీర్మానాల పుస్తకం అతని ఇంట్లో ఉంటుంది. రెండేళ్లు లావాదేవీ లేకపోతే ఖాతా నిద్రపోతుంది. ముగ్గురి పేర్లు పెట్టి ఏ ఇద్దరు సంతకం చేసినా చెల్లేలా మొదటి రోజే రాసుకోవాలి. పదవి ఏడాదికే ఉండాలి, ప్రతి పదవికీ పక్కన నేర్చుకునే ఒకరు ఉండాలి. రిజిస్ట్రారుకు ఏటా కార్యవర్గం జాబితా ఇవ్వడం మరవకూడదు.

ఈ పుస్తకాల పని నేర్పడానికి ట్రైనర్లను వెతకనక్కర్లేదు, అమ్మల పొదుపు సంఘాలే ఉన్నాయి. క్రమం తప్పని సమావేశం, పొదుపు, అంతర్గత అప్పు, తిరిగి చెల్లింపు, పుస్తకాలు. డ్వాక్రా బతికింది ఈ అయిదింటి మీదే. ఆ పుస్తకాలు చాలా ఇళ్లలో రాసిపెట్టేది చదువుకున్న కూతుళ్లు. చిత్రమేమంటే యువజన సంఘంలో వాళ్ల పేర్లే ఉండవు. రాత్రి ఎనిమిదికి రచ్చబండ మీద మీటింగు పెడితే ఏ ఆడపిల్ల వస్తుంది? సాయంత్రం అయిదుకు బడిలోనో, అంగన్‌వాడీలోనో పెట్టి, పద్దు పుస్తకం వాళ్ల చేతికివ్వాలి.

లెక్క చదవడానికి కొత్త సభ పిలిస్తే పదిమంది రారు. భారతం ఆఖరి రోజు చందాల లెక్క చదివే మైకులోనే, దాని వెనకే కాలువ లెక్కా చదివితే సరి: ఎంత వసూలైంది, జేసీబీ ఎన్ని గంటలు తిరిగింది, ఎక్కడ ఇంకా కంప మిగిలింది, ఇస్తామని ఇవ్వనివాళ్లెవరు.