“పారే నీటికి చట్టం ఎందుకు?” అన్న మెసేజ్‌కి నా జవాబు

కొన్నాళ్ళుగా ఒక మెసేజ్ ఫోన్ల నుంచి ఫోన్లకు తిరుగుతోంది. నీటి కాలుష్యం మీద ప్రభుత్వాలు పెట్టే చట్టాలు, బోర్డులు, పర్మిట్లు అన్నీ దండగ అని దాని సారాంశం. పారే నీరు తనను తానే కడుక్కుంటుందట, చట్టం వల్ల బాగుపడిన నది ఒక్కటీ లేదట, ఇంట్లో ఫిల్టర్ పెట్టుకుంటే సరిపోతుందట, గట్టిగా బిగిస్తే ఫ్యాక్టరీలూ ఉద్యోగాలూ పోతాయట, అసలు మారాల్సింది జనమేనట. చదివినవాళ్ళలో చాలామంది “నిజమే కదా” అంటున్నారు. అందుకే ఒక్కో మాటా పట్టుకుని జవాబు రాస్తున్నాను.

“పారే నీరు తనను తానే కడుక్కుంటుంది”

ఇందులో సగం నిజం ఉంది. నీటిలో ఉండే బ్యాక్టీరియా మురుగులోని కుళ్ళే పదార్థాన్ని తిని విడగొడుతుంది. కానీ ఆ పనికి నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్ కావాలి. మురుగు కొంచెమే అయితే గాలి నుంచి ఆక్సిజన్ మళ్ళీ చేరి నది తేరుకుంటుంది. ఎక్కువైతే ఆక్సిజన్ అయిపోతుంది. లీటరుకు 2 మిల్లీగ్రాముల కంటే తగ్గితే చాలా రకాల చేపలు బతకలేవు, పూర్తిగా అయిపోతే నీళ్ళు కంపు కొడతాయి. దీన్ని బ్రిటన్‌లో ఒక రాయల్ కమిషన్ (ప్రభుత్వం వేసిన విచారణ సంఘం) 1912లోనే లెక్క కట్టింది. శుద్ధి చేసి వదిలే మురుగునీటిలో బీఓడీ (అంటే మురుగును విడగొట్టడానికి బ్యాక్టీరియా వాడుకునే ఆక్సిజన్) లీటరుకు 20 మిల్లీగ్రాములు, తేలే మలినాలు 30 మిల్లీగ్రాములు దాటకూడదంది. అది కూడా దానికి కనీసం 8 రెట్లు శుభ్రమైన నది నీరు కలిసే చోట మాత్రమే. అంటే నదికి మోయగలిగే బరువు ఒకటి ఉంది, అది దాటకుండా చూడటానికే ఈ రూల్స్. ఇక పాదరసం, సీసం లాంటివైతే ఏ బ్యాక్టీరియా తిన్నా మాయం కావు, ఎంత దూరం పారినా పోవు, అడుగు బురదలో చేరి అక్కడి నుంచి చేపల్లోకి, చేపల నుంచి మనుషుల్లోకి వస్తాయి.

“చట్టం వల్ల బాగుపడిన నది ఒక్కటీ లేదు”

ఇది మాత్రం పూర్తిగా తప్పు. అమెరికాలో క్లీవ్‌ల్యాండ్ నగరం గుండా పారే కయహోగా నది 1969 జూన్ 22న అంటుకుంది. నది మంటల్లో కాలడమేమిటి అనిపిస్తుంది గానీ, నీటి మీద తేలే నూనె, చెత్త అంత పేరుకుపోయాయి. పైగా అది మొదటిసారి కూడా కాదు, అంతకు ముందు వందేళ్ళలో అది చాలాసార్లు అంటుకుంది. మెసేజ్ చెప్పేదే నిజమైతే ఆ వందేళ్ళలో ఆ నది తనను తాను కడుక్కుని ఉండాలి కదా. 1972లో క్లీన్ వాటర్ యాక్ట్ వచ్చింది. ఖర్చు ఎక్కువని అధ్యక్షుడు నిక్సన్ వీటో చేస్తే, అంటే ఒప్పుకోకుండా తిప్పికొడితే, కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) ఆ వీటోని తోసిపుచ్చి మరీ పాస్ చేసింది. ఆ చట్టంలో అసలు కీలకం ఒక్కటే: ఫ్యాక్టరీ గానీ ఊరి మురుగు ప్లాంటు గానీ పర్మిట్ లేకుండా పైపు పెట్టి నదిలోకి ఏదీ వదలకూడదు, ఆ పర్మిట్‌లో ఏది ఎంత వదలొచ్చో అంకెల్లో రాసి ఉంటుంది, వదిలేవాళ్ళే కొలిచి రిపోర్టు ఇవ్వాలి. 2019 నాటికి ఆ నది చేపల మీద ప్రత్యేకంగా పెట్టిన తినకూడదన్న ఆంక్షలు ఎత్తేశారు.

యూరప్‌లోని రైన్ నది సంగతీ అంతే. 1986 నవంబర్ 1న స్విట్జర్లాండ్‌లో బాసెల్ దగ్గర సాండోజ్ కంపెనీ గోదాము తగలబడి, మంటలార్పిన నీళ్ళతో పాటు పురుగుమందులు నదిలోకి పోయాయి, వందల కిలోమీటర్ల మేర చేపలు చచ్చిపోయాయి. మరుసటి ఏడాదే నది ఒడ్డున ఉన్న దేశాలు కలిసి 2000 నాటికి సాల్మన్ చేప తిరిగి రావాలని లక్ష్యం పెట్టుకున్నాయి. వచ్చింది. నాకు ఈ లక్ష్యం చాలా నచ్చుతుంది, ఎందుకంటే చేప వచ్చిందో లేదో ఎవరైనా చూసి చెప్పగలరు.

“మరి ఇంకా మురికిగా ఉన్న నదులు ఇన్ని ఉన్నాయేం?” అని అడిగేవాళ్ళు న్యాయంగానే అడుగుతున్నారు. అలాంటి చోట చట్టంలో ఏ ముక్క లేదో చూడాలి. ఆ 1972 చట్టమే పైపుల్ని పట్టుకుంది గానీ, వాన పడ్డప్పుడు పొలాల నుంచి కొట్టుకొచ్చే ఎరువుల్ని చాలావరకు వదిలేసింది. దాని ఫలితం ఏమిటో తర్వాతి పాయింట్‌లోనే కనిపిస్తుంది.

“ఇంట్లో ఫిల్టర్ పెట్టుకుంటే, మరిగించుకుంటే చాలు”

2014 ఆగస్టులో అమెరికాలోని టొలీడో నగరంలో కుళాయి నీళ్ళు తాగొద్దని చెప్పారు. ఈరీ సరస్సులోకి ఎరువుల ఫాస్ఫరస్ చేరి నాచు విపరీతంగా పెరిగి, అందులోంచి మైక్రోసిస్టిన్ అనే విషం నీళ్ళలోకి వచ్చింది. నీళ్ళు మరిగించొద్దని కూడా చెప్పారు. మరిగిస్తే ఆ విషం పోదు, నీరు ఆవిరై మిగిలినదాంట్లో ఇంకా చిక్కబడుతుంది. సూక్ష్మక్రిములున్న నీటికి మరిగించడం మంచి మందే, కానీ అన్ని విషాలకూ ఒకే మందు లేదు. ఇంటి ఫిల్టర్ కూడా అంతే, ఏ కల్తీ ఉందో తెలిస్తేనే ఏ ఫిల్టర్ కావాలో తెలుస్తుంది, ఏ కల్తీ ఉందో తెలియాలంటే ఎవరో ఒకరు క్రమం తప్పకుండా పరీక్ష చేసి బయటికి చెప్పాలి, మళ్ళీ అది ప్రభుత్వం పనే. పైగా ఫిల్టర్ కొనలేని ఇల్లు ఏం చేయాలి? పశువులు, పంటలు, చేపలు ఏ ఫిల్టర్ పెట్టుకుంటాయి?

అమెరికాలోని ఫ్లింట్ నగరం పేరు తెచ్చి “చూశారా, ప్రభుత్వమే విషం తాగించింది” అనేవాళ్ళున్నారు. అవును, 2014లో ఆ ఊరికి డబ్బు మిగుల్చుదామని నీటి వనరు మార్చారు, పాత సీసం పైపుల్ని నీరు కొరికేయకుండా కలపాల్సిన రసాయనం కలపలేదు, సీసం పిల్లల ఒంట్లోకి వెళ్ళింది. అది క్షమించరాని తప్పు. కానీ సీసం విషయంలో జాగ్రత్తలు చెప్పే రూల్ అక్కడ 1991 నుంచీ ఉంది. ఉన్న రూల్‌ని పాటించకపోవడం వల్ల పిల్లలు దెబ్బతింటే, దాన్నుంచి “రూల్ అక్కర్లేదు” అని ఎలా తేలుస్తారు?

దీనికి పూర్తి వ్యతిరేకంగా న్యూయార్క్ నగరం ఉంది. భారీ ఫిల్టర్ ప్లాంటు కట్టాలంటే వందల కోట్ల డాలర్లు అవుతాయని, 1997లో నీళ్ళొచ్చే కొండ ప్రాంతాల ఊళ్ళతో ఒప్పందం చేసుకుని అక్కడి భూమిని, వాగుల్ని, మురుగు ప్లాంట్లని బాగుచేయడానికి డబ్బు పెట్టింది. ఆ నగరం తాగే నీటిలో ఎక్కువ భాగానికి ఇప్పటికీ ఫిల్టర్ ప్లాంటు లేదు.

“గట్టిగా బిగిస్తే ఉద్యోగాలు పోతాయి”

ఈ భయం నిజమైనది, ఇంట్లో జీతం ఒక్కటే ఆధారమైనవాళ్ళకి ఇంకా నిజం. కానీ జపాన్‌లో మినమాటా ఊరి కథ తెలిస్తే ఈ మాట అంత తేలిగ్గా అనలేం. చిస్సో అనే రసాయనాల కంపెనీ అంటేనే ఆ ఊరికి బతుకుతెరువు. అక్కడి వింత జబ్బు 1956లో అధికారికంగా వెలుగులోకి వచ్చింది. 1959లో కంపెనీ ఆసుపత్రి డాక్టరే ఫ్యాక్టరీ వ్యర్థజలం కలిపిన తిండి పెట్టి చూస్తే పిల్లికి అదే జబ్బు వచ్చింది, కంపెనీ ఆ విషయం తొక్కిపెట్టింది. ఆ జబ్బుకు కారణమైన పాదరసాన్ని ఫ్యాక్టరీ వదలడం ఆగింది 1968లో. ఈలోగా 1965లో నీగాతాలో, వేరే కంపెనీ వల్ల, అదే జబ్బు మళ్ళీ బయటపడింది. అధికారికంగా గుర్తించిన బాధితులే 2,000 మందికి పైగా. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఏమిటంటే, ఫ్యాక్టరీ వ్యర్థజలాల్ని ఆపే చట్టాలు జపాన్‌లో 1958లోనే వచ్చాయి. 1959 చివరికల్లా వాటిని వాడి ఆపాల్సింది, ఆపకపోవడం ప్రభుత్వ తప్పే అని అక్కడి సుప్రీంకోర్టు 2004లో తీర్పు చెప్పింది.

బిగించడమంటే మూయించడమే కాదు. నెదర్లాండ్స్ 1970లో అమల్లోకి వచ్చిన చట్టంతో, ఎంత మురుగు వదిలితే అంత రుసుము కట్టాలని పెట్టింది. దాంతో చాలా ఫ్యాక్టరీలు మురుగు తగ్గించుకోవడమే లాభమని తేల్చుకున్నాయి, మూతపడకుండానే.

“ముందు జనం మారాలి”

మారాలి, కాదనను. చెత్త నీళ్ళలో వేయడం తప్పే. కానీ రాత్రిపూట పైపు తెరిచి వదిలే రసాయనాన్ని నా ఇంటి చెత్తబుట్ట ఆపలేదు. జనం చేతిలో నిజంగా ఉన్న పని ఇంకోటుంది. అమెరికా చట్టంలో, ఫ్యాక్టరీలు పంపే కొలతల రిపోర్టుల్ని ఎవరైనా చూడొచ్చు, పర్మిట్ దాటి వదులుతుంటే ప్రభుత్వం కదలకపోయినా పౌరులే కోర్టుకు వెళ్ళొచ్చు. వెళ్తున్నారు, గెలుస్తున్నారు కూడా. మీరున్న చోట నదిలోకి తెరుచుకునే పైపుకి పర్మిట్ ఉందా, అందులో ఏ అంకె రాసి ఉంది, చివరిసారి ఎప్పుడు కొలిచారు? ఈ మూడు ప్రశ్నలు రాతపూర్వకంగా అడగండి.