విస్కాన్సిన్ ప్రభుత్వానికి ఒక వేటగాడి భార్య విన్నపం

భర్తలు జింక వేటకు వెళితే నష్టపోయేది జింకలేనన్న అపోహ లోకంలో బలంగా నాటుకుపోయింది. మన పురాణాల లెక్క వేరు. మాయలేడి వెంటపడినవాడు రాముడు, లంక పాలయినది సీత. (ఆ లేడిని తెమ్మని అడిగినది సీతే కదా అని మా ఆయన గుర్తు చేస్తుంటారు. రామాయణం మొత్తంలో ఆయనకు కంఠతా వచ్చిన ఘట్టం అదొక్కటే.) జింక రూపంలో ఉన్న కిందమ మునిని బాణంతో కొట్టినవాడు పాండురాజు, ఆ శాపాన్ని పంచుకున్నవారు కుంతీ మాద్రులు. దుష్యంతుడు లేడిని తరుముతూ కణ్వాశ్రమం దాకా వచ్చాడు. లేడి క్షేమంగా తప్పించుకుంది. శకుంతల దొరికిపోయింది.

ఇంత గట్టి సాక్ష్యం ఉండగా, అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం వేట లైసెన్సు ఇచ్చేటప్పుడు భార్య ఊసే ఎత్తకపోవడం శాసనంలో ఉన్న పెద్ద లోపమని మనవి చేసుకుంటున్నాను. 1973 జనవరి 1న గానీ ఆ తరువాత గానీ పుట్టినవారు వేట భద్రత శిక్షణ పూర్తి చేయాలట. మంచిదే. తుపాకీ ఎలా పట్టుకోవాలో అందులో నేర్పుతారు. ఇంట్లో ఆ సంగతి ఎలా చెప్పాలో నేర్పరు. రాష్ట్రవాసి అయితే తుపాకీ వేట లైసెన్సు 24 డాలర్లకే చేతికి వస్తుంది. ఆ 24 డాలర్ల వెనుక రావలసిన బూట్లు, దుర్భిణి, చెట్టు మీద కట్టుకునే మంచె, అడవిలో బిగించే కెమెరాలు, మాంసం దాచడానికి రెండో ఫ్రీజరు మాత్రం లైసెన్సు కాగితంలో ఎక్కడా కనిపించవు.

మా ఆయనది గుంటూరు జిల్లా. అమెరికా వచ్చేదాకా ఆయన పేల్చిన తుపాకీ దీపావళి రీళ్ళ తుపాకీ ఒక్కటే. ఒక శరదృతువులో ఆఫీసు మిత్రుడెవరో సరదాగా అడవికి తీసుకువెళ్ళాడు. ఆ మిత్రుడికి నా మనసులో ప్రత్యేక స్థానం ఉంది, అది ఎలాంటి స్థానమో ఇక్కడ రాయడం మర్యాద కాదు.

ఆనాటి నుంచి మా ఇంట్లో రెండు పంచాంగాలు నడుస్తున్నాయి. నేను రాహుకాలం చూస్తే మూఢనమ్మకం. ఆయన చూసేది విజ్ఞానం. ఇక్కడి ప్రభుత్వం వేట వేళలను తేదీల వారీగా, నిమిషాలతో సహా ప్రకటిస్తుంది. సూర్యోదయానికి అరగంట ముందు మొదలు, సూర్యాస్తమయం తరువాత ఇరవై నిమిషాలకు ముగింపు. అది చాలదని చంద్రుడి గతిని బట్టి జింకలు ఎప్పుడు మేతకు కదులుతాయో చెప్పే పట్టికలు వేరే ఉన్నాయి. 1926లో జాన్ ఆల్డెన్ నైట్ అనే అమెరికన్ ఈ సిద్ధాంతానికి శ్రీకారం చుట్టాడట. ఈయన ఆ పట్టికలను ఫోనులో పెట్టుకుని, మా నాన్నగారు పంపిన గంటల పంచాంగాన్ని చూసి నవ్వుతారు. నవంబరులో ఇండియాలో ఎవరి పెళ్ళికీ మేము వెళ్ళలేము. థాంక్స్‌గివింగ్ పండుగకు ముందు వచ్చే శనివారం నుంచి తొమ్మిది రోజులు తుపాకీ వేట కాలం. అందులో పెళ్ళి ముహూర్తం పెట్టినవారికి బుద్ధి లేదని ఆయన తీర్పు.

చాలా ఏళ్ళు ఆ తొమ్మిది రోజుల్లో కొన్నయినా కార్తిక మాసంలో పడతాయి. నేను ఉపవాసం ఉండి దీపం పెడుతుంటాను. ఆయన తెల్లవారకముందే, తోటి వేటగాళ్ళ కంట పడేలా వేటగాళ్ళు తొడగవలసిన మెరిసే నారింజ రంగు కోటు తొడుక్కుని, గడ్డకట్టే చలిలో చెట్టెక్కి, మౌనవ్రతం పట్టి కూర్చుంటారు. పుణ్యం ఎవరికి ఎక్కువ రావాలో పైవాడికే తేలని చిక్కు. ఆకు కదలకుండా అంతసేపు కూర్చోగల మనిషి సత్యనారాయణ వ్రతంలో రెండో కథ మొదలయ్యేసరికి నడుము నొప్పి అంటారు.

ఇక అసలు బాధకు వస్తాను. తెల్లతోక జింకకు ముక్కు మహా చురుకట. అందువల్ల అక్టోబరు చివరి నుంచి మా ఇంట్లో ఇంగువ నిషేధం. తాలింపు వేసిన వాసన కోటుకు పట్టుకుంటే అడవిలో ఒక్క జింకా దగ్గరికి రాదని శాస్త్రోక్తంగా వాదిస్తారు. వాసన లేని సబ్బు, వాసన లేని బట్టల పొడి కొనితెస్తారు. సాంబారు వద్దు, పులిహోర వద్దు, ఎండుమిరపకాయల ఘాటు అసలే వద్దు. జింకలు కులాసాగా ఉండటానికి ఒక తెలుగు ఇల్లు నెల రోజులు చప్పిడి తిన్నది. చరిత్రలో ఎక్కడా నమోదు కాని ఈ త్యాగాన్ని ప్రభుత్వం గుర్తించాలి.

వాసన మీద ఇంత పట్టింపు ఉన్న మనిషి ఫ్రిజ్‌లో, గోంగూర పచ్చడి పక్కన, ఒక చిన్న సీసా పెట్టారు. ఎదకు వచ్చిన ఆడజింక మూత్రం. మగజింకలను ఆకర్షించడానికి దుకాణాల్లో డబ్బు పుచ్చుకుని మరీ అమ్ముతారు. నేను గొంతు పెంచితే ఆయన ఎంతో శాంతంగా, "గృహప్రవేశానికి ఇల్లంతా గోమూత్రం చల్లించినది ఎవరు?" అన్నారు. ఆ ప్రశ్నకు జవాబు ఇప్పటికీ వెతుకుతున్నాను. సీసా ఇప్పటికీ అక్కడే ఉంది.

మా అత్తగారికి ఈయన కొట్టిన జింక ఫొటో ఫోనులో పంపినప్పుడు ఆవిడ కంగారుపడ్డారు. కంగారు న్యాయమే. కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు, చుక్కల జింక తెలంగాణ రాష్ట్ర జంతువు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వాటి మీద చేయి వేస్తే జైలే. అప్పుడు ఈయన తల్లికి అరగంట ఉపన్యాసం ఇచ్చారు. ఈ రాష్ట్రంలో జింకలు పది లక్షలకు పైనే ఉన్నాయని, తోడేళ్ళు తగ్గాక వాటిని అదుపు చేసేవారు లేక అవి అడవిలో మొలకలన్నీ మేసేస్తున్నాయని, రోడ్ల మీద కార్లకు అడ్డం పడుతున్నాయని, 1943లో ఆడజింకలను కూడా వేటాడనివ్వాలని వాదించినందుకు వన్యప్రాణి శాస్త్రవేత్త ఆల్డో లియోపోల్డ్ అనే మహానుభావుణ్ణి జనం తిట్టిపోశారని చెప్పారు. నిజం చెప్పాలంటే అందులో ఒక్కటీ తప్పు కాదు, అదే నా ఏడుపు. మొత్తం విని అత్తగారు, "చలికి చెవులకు ఏమైనా కట్టుకుంటున్నావా నాన్నా?" అని అడిగారు.

జింక పడిన తరువాత ఆట ముగిసిందనుకునేవారు అమాయకులు. మర్నాడు సాయంత్రం అయిదు లోపు నమోదు చేయాలి. 2002లో ఈ రాష్ట్రపు జింకల్లో మెదడును తినే ఒక రోగం బయటపడింది, కనుక తలను పరీక్షకు ఇచ్చి, ఫలితం వచ్చేదాకా మాంసం ముట్టవద్దంటారు. ఆ తరువాత వండవలసినది నేను. అల్లం వెల్లుల్లి, కారం, ధనియాల పొడి దట్టించి వేపుడు చేస్తే రుచి బాగానే ఉంటుందని ఒప్పుకోక తప్పదు. ఖర్చంతా ఆ మాంసానికి పంచి చూస్తే కిలో ధర కుంకుమపువ్వును పలకరిస్తుంది.

కొమ్ముల తలను గోడకు పెట్టడం మరో అధ్యాయం. ఈశాన్యంలో వద్దని నేను, హాల్లోనే ఉండాలని ఆయన. చివరకు హాలే గెలిచింది. వరలక్ష్మీ వ్రతానికి వచ్చిన పేరంటాళ్ళు తాంబూలం అందుకుంటూ అమ్మవారిని చూడటం మానేసి దాన్నే చూశారు.

భార్యల సంగతి ఈ ప్రభుత్వం బొత్తిగా పట్టించుకోలేదని అనను. ఆడవారిని వేటవైపు ఆకర్షించాలని 2016లో నారింజతో పాటు మెరిసే గులాబీ రంగు దుస్తులను కూడా చట్టబద్ధం చేసింది. మా సమస్య రంగు అని శాసనసభ్యులు నిర్ధారించారన్నమాట.

కావున నా ప్రార్థన: లైసెన్సు దరఖాస్తుకు భార్య సంతకం చేసిన నిరభ్యంతర పత్రం జతపరచాలి. తాలింపు హక్కుకు భంగం కలిగితే లైసెన్సు రద్దు కావాలి. సీసాకు వేరే ఫ్రిజ్, అదీ గ్యారేజీలో. ఏటా ఒక పెళ్ళికి, వేట కాలంలో వచ్చినా సరే, కుటుంబ సమేతంగా హాజరు.

ఈ ముసాయిదాను ముందుగా మా ఆయనకే చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని, ఆఫీసు కాగితం చదివినంత శ్రద్ధగా చదివారు. తాలింపు దగ్గర ఒకసారి ఆగారు, పెళ్ళి దగ్గర నిట్టూర్చారు. తరువాత ఒకే ఒక్క సందేహం వెలిబుచ్చారు: "ఇవన్నీ తుపాకీ వేటకేనా, విల్లు వేటకు కూడానా?" సెప్టెంబరు మధ్యలో మొదలై జనవరి దాకా సాగే మరో వేట ఉందని నాకు తెలిసినది అప్పుడే.